‘అమ్మోరు’ తప్పు కాదు

సంపాదకులకు,

నమస్కారం. విదేశాలకు వెళ్లి జీతం లేకుండా పిల్లలకు పాఠాలు చెప్పి వస్తున్న కుర్రవాళ్ల గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం రెండుసార్లు చదివాను. ‘మూడు వారాలున్నాను, అచ్చం మా ఇంట్లో ఉన్నట్టే ఉంది’ అని అందులో ఒకమ్మాయి అంది. అక్కడే ఆగిపోయాను. ఆమె మనసులో ఉన్నదే చెప్పింది, కాదనను. కానీ చుట్టంగా ఉన్నన్నాళ్లూ ఎవరికైనా అలాగే ఉంటుంది. అన్నం ముందు మనకే పెడతారు, మంచం మనకే వేస్తారు. నాకు మాత్రం పరాయి దేశం ఇల్లనిపించడం ఒక తప్పు చేసి, ఒక పెద్దావిడ చేత చివాట్లు తిన్నాకే మొదలైంది. అది చెప్పాలనే ఈ ఉత్తరం. పొడుగవుతుందని తెలుసు, మీకు కుదిరినంత వేయండి.

నేను పెరంబూరులో పుట్టి పెరిగినదాన్ని. ఉత్తర చెన్నైలో ఒక బడిలో 31 ఏళ్లు తెలుగు చెప్పి 2017లో రిటైరయ్యాను. మా ముత్తాత నెల్లూరు జిల్లా ఉదయగిరి వైపు నుంచి బి అండ్ సి బట్టల మిల్లులో పనికి వచ్చాడు. ఆ మిల్లు 1996లో మూతపడింది గానీ మేము కదల్లేదు. నాలుగు తరాలైనా, ‘మీది ఏ ఊరమ్మా?’ అని అడిగినవాళ్లకు ‘పెరంబూరు’ అంటే చాలదు. ‘అది సరే, అసలు ఊరు?’ అంటారు. ఇక్కడివాళ్లకు మేము తెలుగువాళ్లం, అక్కడివాళ్లకు మాది అరవ తెలుగు. ఉద్యోగంలో చేరిన కొత్తలో హైదరాబాదులో తెలుగు టీచర్ల సమావేశానికి వెళ్లి, మాట్లాడుతూ మాట్లాడుతూ ‘పోతా ఉండాను’ అనేశాను. ముందు వరసలో ఇద్దరు మూతికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. ఆ తర్వాత పిలకాయలకు పాఠం చెప్పేటప్పుడు కూడా ఆ మాట నోట రాకుండా ఏళ్ల తరబడి కాపలా కాసుకున్నాను. మా అమ్మ మాట అది. ఇంట్లో మాట్లాడటం వేరు, బడిలో వేరు అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను.

2018 ఫిబ్రవరిలో మారిషస్ వెళ్లాను. తెలిసినవాళ్ల ద్వారా కబురొచ్చింది. దక్షిణాన రోజ్ బెల్ దగ్గర ఒక పల్లెలో గుడి పక్క హాల్లో శనివారాలు తెలుగు తరగతి నడుస్తోంది, చెప్పేవాళ్లు కావాలి, గది ఇస్తాం, తిండి చూసుకుంటాం, జీతం ఉండదు. మా ఆయన పోయి అప్పటికి రెండేళ్లు. అబ్బాయి, కోడలు తమ కాపురంలో తామున్నారు. సరేనన్నాను. విమానాశ్రయంలో డబ్బు మార్చుకుంటే, చేతికిచ్చిన నోటు మీద ఇంగ్లీషు తర్వాత తమిళ అక్షరాలు కనిపించాయి. సముద్రాలు దాటి వచ్చి మొట్టమొదట గుర్తుపట్టింది తమిళాన్ని. కళ్లు చెమర్చాయి. తమిళం నాకు పరాయిది కాదని అంత గట్టిగా ఎన్నడూ అనిపించలేదు.

అక్కడి తెలుగువాళ్ల సంగతి మనలో చాలామందికి తెలియదు. బానిసత్వం రద్దయ్యాక చెరకు తోటల్లో పనికి 1834 నుంచి 1920 దాకా మన దేశం నుంచి దాదాపు అయిదు లక్షల మందిని ఒప్పందం మీద తీసుకెళ్లారు. వాళ్లలో కోరంగి, విశాఖ, మద్రాసు రేవుల్లో ఓడెక్కిన తెలుగువాళ్లున్నారు. కోరంగి పేరు మీదే తెలుగువాళ్లను అక్కడ కొరింగీలు అనేవారు. ఓడ దిగినప్పుడు గుమాస్తా రాసుకున్న ఒంటి పేరే మనవల నాటికి ఇంటిపేరైపోయింది. ఆరు తరాలు గడిచాయి, ఇళ్లలో మాట్లాడేది క్రియోల్, ఫ్రెంచి నుంచి పుట్టిన అక్కడి భాష. అయినా మన తమిళనాడులో లాగే అక్కడా ఉగాదికి సెలవుంది. సింహాద్రి అప్పన్న పూజ ఉంది, అమ్మోరు పండుగ ఉంది, దీపం చుట్టూ తిరుగుతూ పాడే రామభజన ఉంది. ప్రభుత్వ బళ్లలో తెలుగు ఐచ్ఛిక భాషగా చెబుతారు, అందుకు అక్కడి టీచర్లే ఉన్నారు. నేను వెళ్లింది వాళ్ల బడికి కాదు. బడిలో తెలుగు తీసుకోని పిల్లలు, చిన్నప్పుడు వీలుపడని పెద్దవాళ్లు వచ్చే శనివారం తరగతికి.

మొదటి శనివారం పద్నాలుగు మంది వచ్చారు. ‘మీకు ఏం వచ్చో చెప్పండి’ అంటే అందరూ లేచి నిలబడి అ నుంచి అః దాకా గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పారు. ఎంత సంతోషించానో! ‘ఇప్పుడు క ఖ’ అన్నాను. హాలంతా నిశ్శబ్దం. తర్వాత తెలిసింది. నాకు ముందు నలుగురు వచ్చారట, ఒకరు రెండు వారాలు, ఒకరు నెల. వచ్చిన ప్రతివాళ్లూ అ ఆల నుంచే మొదలుపెట్టారు, హల్లులు రాకముందే వాళ్లకు తిరుగు విమానం వచ్చింది. నాలుగేళ్లుగా ఆ పిల్లలు అచ్చుల్లోనే ఉన్నారు. మూడు వారాల వాళ్ల మీద నాకు కోపం లేదు. కానీ గుణింతం దాటించకుండా రావడం నేర్పినట్టు కాదని ఆ రోజే అనుకున్నాను. తొమ్మిది నెలలున్నాను.

నేర్పడం కన్నా నేర్చుకోవడమే ఎక్కువైంది మొదటి రెండు నెలలూ. సోమవారం మాహెబూర్ సంతకు తీసుకెళ్లేవారు. అక్కడ మునగాకును బ్రెద్ మురూమ్ అంటారు. వినగానే మురుంగై అని మా పక్కింటి తమిళావిడ గొంతు చెవిలో పలికింది. కరివేపాకు కారిపులే, చారు రసోన్. కూరగాయల బుట్టల మధ్య నిలబడి మా మద్రాసు వంటిల్లంతా విన్నాను. పిల్లలు నాకు రోజుకో క్రియోల్ మాట నేర్పేవారు. మొదట వచ్చిన పూర్తి వాక్యం ‘మో పే అల్ లకాజ్’. ఇంటికి పోతున్నాను అని. సాయంత్రం రోడ్డు మీద ఎవరు పలకరించినా అదే చెప్పాలి కాబట్టి ముందు అది నేర్పారు. చాలా రోజులు అది నాకు అప్పు తెచ్చుకున్న వాక్యమే. చెప్పేదాన్ని, గదికి పోయి తలుపేసుకునేదాన్ని.

పాఠాలు తిరగరాయాల్సి వచ్చింది. ఉగాది ముందు శనివారం నా పాత అలవాటు కొద్దీ చైత్రం, చిగుళ్లు, కోయిల అని మొదలుపెట్టాను. ఒక పిల్ల చెయ్యెత్తి, ‘మిస్, మార్చిలో ఇక్కడ తుపానులు కదా?’ అంది. నిజమే. అది భూమధ్యరేఖకు దిగువనున్న దేశం, మనకు ఎండాకాలం మొదలయ్యేటప్పటికి వాళ్లకు అయిపోవస్తుంది. మామిడికాయల కాలం కూడా ఎప్పుడో డిసెంబరుకే. పచ్చడికి వేపపువ్వు దొరక్కపోతే ఆ పిల్ల వాళ్లమ్మ నాలుగు లేత వేపాకులు నూరి కలిపింది. పువ్వు కన్నా చేదు. కోయిలను తీసేసి, తుపాను హెచ్చరిక వచ్చిన రోజు ఇంట్లో ఏమేం చేస్తారో రాయమన్నాను. కిటికీలకు చెక్కలు కొట్టడం, నీళ్లు పట్టుకోవడం, కొవ్వొత్తులు వెతకడం. క్రియాపదాలు ఒక్క వారంలో వచ్చేశాయి.

ఇప్పుడు మీ పత్రిక సంగతి. గోంగూర పచ్చడి సీసా పగలకుండా మా కోడలు మీ పత్రికే నాలుగు పొరలు చుట్టి పెట్టెలో పెట్టింది. అక్కడ విప్పి, ముడతలు సాగదీసి అలమరలో వేసుకున్నాను, పారేయడానికి చేతులు రాక. ఒక శనివారం వాచకం అందరికీ విసుగనిపిస్తే ఆ కాగితాలు తెచ్చి బల్ల మీద పరిచాను. నూనె మరక పడిన చోట అక్షరాలు ఇంకా నల్లగా తేలాయి. పదకొండేళ్ల పిల్లవాడొకడు అక్కడ వేలు పెట్టి, ‘బం... గా... రం’ అని కూడబలుక్కున్నాడు. అంటే ఏమిటన్నాడు. నా గాజు చూపించాను. వాడి మొహం ఆ క్షణాన చూడాల్సింది! అచ్చు వేసిన కాగితం వాడితో మాట్లాడటం అదే మొదటిసారి. తర్వాత వెండి. తర్వాత చెన్నై వాతావరణం, సినిమా ప్రకటనలు, ఇల్లు అద్దెకివ్వబడును. ఒక మూల శ్రద్ధాంజలి ఫొటో ఉంది. ‘ఈయనెవరు మిస్?’ అని అడిగిన అమ్మాయికి, పోయారమ్మా అని చెప్పాను. ఆ పిల్ల కాగితం ఆ ఫొటో మీదుగా మడత పడకుండా వేరేగా మడిచి పెట్టింది. ఆ రోజు నుంచి నేను వచ్చేసేదాకా ఎవరు మడిచినా అలాగే మడిచారు. ఆ నాలుగు కాగితాలే రెండు నెలలు మా వాచకం.

జూలైలో ‘మా పండుగ’ అని అయిదు వాక్యాలు రాయించాను. బంగారం చదివిన పిల్లవాడే ‘అమ్మోరు పండుగకు మా ఇంటికి అందరూ వస్తారు’ అని రాసుకొచ్చాడు. వాక్యంలో ఒక్క తప్పు లేదు. నేను ఎర్ర పెన్ను తీసి అమ్మోరు కొట్టేసి పైన ‘అమ్మవారు’ అని రాశాను. బోర్డు మీద కూడా రాసి అందరి చేతా మూడుసార్లు పలికించాను. ముప్పై ఒక్క ఏళ్ల అలవాటు, చెయ్యి దానంతటది పోయింది.

మరుసటి శనివారం తరగతి మొదలవకముందే ఆ పిల్లవాడి నాయనమ్మ వచ్చింది. ఎనభై దాటి ఉంటాయి. ఆవిడకు తెలుగు మాటలు ఒక యాభై వచ్చేమో, అక్షరం రాదు. ఎర్ర గీత పడిన ఆ నోటుబుక్కు నా ముందు పెట్టి, దాని మీద చెయ్యి వేసి, ‘సా నూ అమ్మోరు సా’ అంది. ఇది మా అమ్మోరు అని. తర్వాత క్రియోల్‌లో చాలాసేపు అంది. సగమే అర్థమైంది, ఆ సగం చాలు. తన తల్లికి తన అమ్మమ్మ ఇచ్చిన మాట అది, ఓడలో బట్టల మూటతో పాటు వచ్చిన మాట. చెరకు నరికిన చేతులతో దీపం పెట్టి ఆ మాటతోనే మొక్కారు. నువ్వెవరు కొట్టెయ్యడానికి? హాల్లో పిల్లలందరూ చూస్తున్నారు. నాకు నోరు పెగల్లేదు. మూతికి చెయ్యి అడ్డం పెట్టుకున్న ఆ ఇద్దరూ కళ్ల ముందు కనిపించారు. వాళ్లు నవ్వి ఊరుకున్నారు. నేను ఎర్ర పెన్నుతో చేశాను, అదీ ఒక చిన్నవాడికి.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ప్రతి ఏడాదీ ఆగస్టు 29న గిడుగు వారి గురించి బళ్లో ప్రసంగం చేసినదాన్ని నేను. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన మనిషి, సవరల భాష నేర్చుకుని వాళ్లకు బళ్లు పెట్టిన మనిషి, జనం నోట ఉన్న తెలుగే పుస్తకంలోకి రావాలని పట్టుబట్టిన మనిషి. ఆ శ్రీకాకుళం, విశాఖల తెలుగే నా ముందు అమ్మోరు అని నిలబడితే గుర్తుపట్టలేకపోయాను.

ఆ ఏడు ఆగస్టు 29న హాల్లో నన్నే మాట్లాడమన్నారు. గిడుగు గురించి నాలుగు మాటలు చెప్పి, జరిగింది చెప్పి, ఆవిడ కూర్చున్న చోటికి పోయి చేతులు పట్టుకున్నాను. క్షమించమని క్రియోల్‌లో ఎలా అనాలో పిల్లవాడే నేర్పాడు. తర్వాత మా అమ్మ తెలుగులో అన్నాను, ‘మీ మాట నేను నేర్చుకుంటా ఉండాను’ అని. హైదరాబాదు తర్వాత ఒక సభలో, మైకు ముందు, ఆ మాట పలకడం అదే మొదటిసారి. ఎవ్వరూ నవ్వలేదు. వాళ్లకు అదీ తెలుగే.

అప్పటి నుంచి నా మీద పనులు పడటం మొదలైంది. అంతవరకు భోజనాల రోజున నన్ను కుర్చీలో కూర్చోబెట్టేవారు. ఇప్పుడు వంటింట్లో ఇత్తడి బిందెలు తోమే వంతు రాసిన కాగితంలో మిస్ అని నా పేరూ ఉంది. అరటాకుల్లో ఏడు కూరలు వడ్డించే వరసలో నాకు గుమ్మడికాయ కూర బకెట్టు ఇచ్చారు. ఒక రోజు రాజధాని పోర్ట్ లూయీ పోయి వస్తుంటే దారంతా వాన. తీగ మీద ఆరేసిన చీరలు గుర్తొచ్చి బస్సులో కూర్చోలేకపోయాను. వచ్చేసరికి తీగ ఖాళీ. పక్కింటి కోడలు చీరలు తీసి, మా గది తాళం ఎక్కడ పెడతానో తెలుసు కాబట్టి తలుపు తీసి, మంచం మీద మడతపెట్టి పోయింది. నన్ను అడగలేదు, మర్నాడు కనిపించినప్పుడు చెప్పనూ లేదు. మంచం మీద కూర్చుని ఆ మడతలు చూస్తూ ఉండిపోయాను. చీరను మూడుగా మడిచింది, మా అమ్మ మడిచినట్టు. ఆ తర్వాత మో పే అల్ లకాజ్ అని ఎన్నిసార్లు అన్నానో, ఒక్కసారి కూడా అది అప్పు మాట అనిపించలేదు.

నవంబరు 2న పోర్ట్ లూయీలో ఆప్రవాసీ ఘాట్‌కు తీసుకెళ్లారు. ఒప్పంద కూలీలు దేశంలో అడుగుపెట్టిన రేవది, 2006లో యునెస్కో వారసత్వ స్థలంగా గుర్తించింది. పదహారు మెట్లు. ఆ పిల్లవాడు తెలుగులో లెక్కబెడుతూ ఎక్కాడు. పదహారు దగ్గర హ పలకడానికి ఇంకా కష్టమే. మా మద్రాసు రేవులో ఓడెక్కినవాళ్లూ ఈ మెట్లెక్కారు కదా అనుకున్నాను. పైన నిలబడి ఆ పిల్లవాడి తండ్రిని, ‘మీది ఏ ఊరు?’ అని అడిగాను. అలవాటైన ప్రశ్న, నన్ను జీవితమంతా అడిగిన ప్రశ్న. ‘రోజ్ బెల్’ అన్నాడు. ‘తాతలది విశాఖ వైపు అంటారు, మాది రోజ్ బెల్.’ అసలు ఊరని నేను మళ్లీ అడగలేదు. తిరిగొచ్చినప్పటి నుంచి నన్నెవరడిగినా పెరంబూరు అనే చెబుతున్నాను.

ఇక్కడికొచ్చాక ఏమైంది? మా పాత బడిలో నా చోట ఎవరినీ వేయలేదు, తెలుగు తరగతి లేదు. 2011 జనాభా లెక్కల్లో తమిళనాడులో తెలుగు తమ మాతృభాష అని చెప్పినవాళ్లు 42 లక్షలకు పైనే. 2006 చట్టం తర్వాత బళ్లలో తమిళం తప్పనిసరి అయింది. అది తప్పనను, ఇక్కడ పుట్టిన పిల్లకు తమిళం రాకపోతే ఎలా? కానీ తెలుగు చదవడం ఇంట్లోవాళ్లే నేర్పుకోవాలి ఇక, ఇంట్లోవాళ్లకు రాకపోతే అంతే.

రెండేళ్ల కిందట తెలిసినావిడ ఒకరు పెరుంబాక్కం వైపు కట్టుబడి జరుగుతున్న ఒక చోటికి తీసుకెళ్లింది. రేకుల షెడ్లు, సిమెంటు బస్తాలు, మధ్యలో పిల్లలు. అందరూ శ్రీకాకుళం, విజయనగరం వాళ్లు. 2014 జూన్‌లో మౌలివాక్కంలో కట్టడం కూలి 61 మంది పోయినప్పుడు వాళ్లలో చాలామంది ఆ జిల్లాల వాళ్లేనని మీ పాఠకులకు గుర్తుండే ఉంటుంది. అప్పుడు చెరకు, ఇప్పుడు కాంక్రీటు. పని ఎక్కడుంటే అక్కడికి కదిలే కుటుంబాలు, తమిళ బడిలో ఒక ఏడు, బెంగళూరులో ఇంకో ఏడు, ఏ అక్షరాలూ పట్టుబడవు. పెరంబూరు నుంచి రెండు బస్సులు మారి ప్రతి శనివారం వెళ్తున్నాను. పదకొండు మంది వస్తారు. మొదటి నెలలోనే ఒక తల్లి వచ్చి, ‘పిల్లకి అమ్మోరు పోసిందండి, రెండు వారాలు రాదు’ అంది. ఒళ్లంతా చిన్న పొక్కులట. వేపాకు తెచ్చిపెట్టాను. ఆ మాట విని ఎందుకు కళ్లనీళ్లు పెట్టుకున్నానో ఆ తల్లికి అర్థం కాలేదు, చెప్పడానికి నాకూ చేతకాలేదు.

మీ వ్యాసంలోని అమ్మాయీ ఆమె స్నేహితులూ మళ్లీ వెళ్తామన్నారు. వెళ్లాలి. కనీసం ఒక పంట కాలం ఉండేలా వెళ్లమనండి. ముందు వాళ్ల భాషలో నాలుగు మాటలు నేర్చుకుని వెళ్లమనండి, ఎర్ర పెన్ను ఇక్కడే వదిలేసి వెళ్లమనండి. వెళ్లేలోపు ఖాళీ శనివారాలుంటే సాయంత్రం నాలుగింటికి పెరుంబాక్కం రమ్మనండి, మాకు ఇంకా ఇద్దరు కావాలి. గుణింతం నేను దాటించాను, ఒత్తుల దగ్గర ఒక్కో పిల్లకు ఒక్కో మనిషి కూర్చోవాలి.

మిమ్మల్ని అడిగేది ఒకటుంది. చెన్నై ఎడిషన్‌లో వారానికి ఒక్కసారి, అర పేజీ చాలు, పిల్లలు చదివేటట్టు పెద్ద అక్షరాల్లో వేయగలరా? ఇప్పటి అచ్చులో ఒత్తులు ఒకదాని మీద ఒకటి ఎక్కి కనిపిస్తున్నాయి, కొత్తగా చదివే కంటికి అవి విడిగా కనబడాలి. కథలే కానక్కర్లేదు. బంగారం ధర, వాన కబురు, ఏ ఊళ్లో ఏ పండుగో, అవే వేయండి, పిల్లలు వాటినే ఇష్టపడతారు. శ్రీకాకుళం మాట శ్రీకాకుళం మాటగానే, మా నెల్లూరు మాట మా మాటగానే ఉండనివ్వండి.

అది కుదిరేదాకా, అమ్ముడుపోకుండా మిగిలిన పాత పత్రికలు నెలకొక కట్ట ఇప్పించండి. మీ ఆఫీసుకు నేనే వచ్చి తీసుకెళ్తాను. శనివారం తప్ప ఏ రోజైనా సరే.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయురాలు,
పెరంబూరు, చెన్నై